పాళ్యాల సీమ కథ – 9: చెరువు కింద పదో పాలు

పోయిన వారం గుమ్మనాయకనపాళ్యం కొండ మీద ఆగాం. కోటల కథ చెప్పడం సులువు. కట్టినవాడి పేరుంటుంది, పడగొట్టినవాడి పేరుంటుంది, మధ్యలో నాలుగు యుద్ధాలుంటాయి. ఈ వారం కొండ దిగి చెరువు కట్ట ఎక్కుదాం. చెరువు కట్టించింది ఫలానావాడని రాయి మీద ఉంటుంది గానీ, ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళు దాని పూడు తీసిందెవరు, కట్టకు రాయి పేర్చిందెవరు, మరవ (అలుగు) తెగితే గండి పూడ్చిందెవరు, అందుకయిన ఖర్చు ఎవరి పెట్టెలోంచి వచ్చింది? ఈ వారం కథంతా ఆ ఖర్చు గురించే.

ఈ వైపు నేల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. దూరాన ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. పాతపాళ్య బాగేపల్లి తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న హోబళి. ఊళ్ళో మాట తెలుగు, పంచాయితీ కాగితం కన్నడం. 2007లో కోలారు జిల్లా రెండుగా చీలినప్పుడు బాగేపల్లి, చింతామణి చిక్కబళ్ళాపురం వైపు వచ్చాయి. వాన ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా నాలుగైదు గట్టి వానల్లో కురిసి వెళ్ళిపోతుంది. నంది కొండల వైపు పుట్టిన చిత్రావతి, పాపాగ్ని రెండూ ఈ సీమ మీదుగానే ఆంధ్రలోకి దిగి పెన్నలో కలుస్తాయి. వాటిని నదులు అంటాం గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిలో ఇసుకే పారుతుంది. అందుకే ఇక్కడి పెద్దలు నదిని నమ్ముకోలేదు. వాగుకు అడ్డంగా కట్ట, దాని మరవ నీళ్ళు కింది చెరువుకు, దాని మరవ ఇంకా కిందికి. ఇలా గొలుసుకట్టుగా చెరువులు వేసుకుంటూ పోయారు.

ఎంతగా వేశారంటే, కొత్త చెరువుకు చోటే మిగలనంతగా. మన పక్కనే ఉన్న దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, చెరువుకు పనికొచ్చే చోటల్లా జనం ఎప్పుడో వాడేసుకున్నారని, కొత్తవి తలపెట్టడం దాదాపు వృథా ప్రయాస అని రాశాడు. ఆరు దశాబ్దాల తర్వాత, 1866లో, మైసూరు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ కూడా అదే తేల్చాడు. మైసూరు రాజ్యపు 27,269 చదరపు మైళ్ళలో దాదాపు 60 శాతం అప్పటికే చెరువుల ఏర్పాటు కిందికి వచ్చేసిందని లెక్క చూపించి, కొత్త చెరువుకు చోటు వెతకాలంటే గొప్ప తెలివే కావాలన్నాడు. ఆ బ్రిటిషు అధికారులిద్దరికీ చెరువులు ఎన్నున్నాయో కనిపించింది. అవి నిలవడానికి వెనకనున్న లెక్క మాత్రం ఇనాంలు తేల్చే అధికారులకు తగిలింది. తగిలాక దానికి ఏ గతి పట్టిందో కాసేపట్లో చూద్దాం.

ఆ లెక్క పేరు దశబంధం. కన్నడ శాసనాల్లో దశవంద అనీ, కట్టుకొడిగె అనీ కనిపిస్తుంది. కోలారు జిల్లా శాసనాలను లూయిస్ రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేశాడు. అందులో రాజుల దిగ్విజయాల కోసం వెతికేవాళ్ళకు విసుగే మిగులుతుంది. ఎన్ని పేజీలు తిప్పినా చెరువు, తూము, మడి, మాన్యం. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి?

అలాంటి రాయిని ఒకదాన్ని ఊహించుకోండి. తూము పక్కనో గుడి ముందో నిలబెట్టిన బండ. పైన ఒక మూల సూర్యుడు, ఒక మూల చంద్రుడు. కింద శకవర్షం, సంవత్సరం పేరు, తిథి. తర్వాత ఏలుతున్న రాజు పేరు బిరుదులతో సహా. ఆ రాజు ఈ ఊరి మొహం కూడా చూసి ఉండడు. ఆ తర్వాత అసలు విషయం: ఫలానా ఊరి గౌడులు, మహాజనులు కలిసి ఫలానావాడికి రాసిచ్చినది ఏమంటే, నువ్వు నీ సొంత డబ్బుతో మా ఊళ్ళో ఈ చెరువు కట్టించావు గనక, లేదా తెగిపోయిన కట్ట మళ్ళీ పోయించావు గనక, దీని కింద సాగులోకి వచ్చే మడిలో ఇంత పాలు నీకు. దానికి పన్ను లేదు. నువ్వూ నీ కొడుకులూ మనవలూ సూర్యచంద్రులు ఉన్నంత కాలం అనుభవించండి, చెరువును కాచుకోండి. ఆ పైన ఆ మడికి నాలుగు వైపులా హద్దులు. చివర శాపం: దీన్ని కాజేసినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం.

ఇంత పాలు అంటే ఎంత? పేరులో పదో వంతు ఉన్నా, రాళ్ళ మీద అంకెలు ఊరికొకలా ఉంటాయి. కొన్నిచోట్ల పదింట ఒకటి, కొన్నిచోట్ల పదింట మూడు. బేరాన్ని బట్టి పాలు. బీడు మీద కొత్తగా చెరువు వేసేవాడికి ఎక్కువిచ్చినా ఊరికి నష్టం లేదు, ఎందుకంటే ఆ మడి అంతా నిన్నటిదాకా రాళ్ళగుట్టే. ఉన్న చెరువుకు మరమ్మతు చేసేవాడికి అంత ఇవ్వాల్సిన పని లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. చెరువు కింద పది ఖండుగల మడి ఉందనుకోండి. ఇక్కడ మడిని ఎకరాల్లో కాదు, పట్టే విత్తనంలో కొలిచేవాళ్ళు. ఖండుగకు ఇరవై కొళగలు. అందులో ఒక ఖండుగ దశబంధం. మిగిలిన తొమ్మిది ఖండుగల రైతులు ఎప్పటిలాగే పన్ను కడతారు. ఆ ఒక్క ఖండుగ మీద రాజుకు రావలసిన పన్ను మాత్రం రాజు దాకా పోదు. అక్కడే, ఆ కట్ట కిందే ఆగిపోతుంది. కట్ట కుంగినా, తూము రాయి కదిలినా, పూడు పెరిగినా ఆ ఖండుగ అనుభవించేవాడు చూసుకోవాలి. ఇది రైతు నెత్తిన పైన వేసిన పన్ను కాదు, ఉన్న పన్నులోంచే ముందుగా తీసి పక్కన పెట్టిన పాలు.

ఇందులో రెండు రకాలుండేవి. ఒకటి ఖండం: ఈ గుంట నుంచి ఆ గట్టు దాకా అని విడిగా ఒక మడిని చూపించి ఇచ్చేయడం. రెండోది షామిలాత్: మడి ఏదీ చూపించరు, ఆయకట్టు మొత్తం మీద వచ్చే శిస్తులో ఇంత వంతు అని రాస్తారు. ఈ రెండింటి తేడా కాగితం మీద చిన్నదే, కట్ట మీద చాలా పెద్దది. షామిలాత్ తీసుకునేవాడికి చెరువు నిండి ఆయకట్టంతా పండితేనే నిండు వంతు. చెరువు సగానికి పూడితే వాడి రాబడి కూడా సగానికి పూడుతుంది. అందుకే పార పట్టుకుంటాడు. ఖండంలో మాత్రం ఒక కంత ఉంది. ఇచ్చే మడి తూముకు ఆనుకుని ఉందనుకోండి, చెరువులో మోకాలిలోతు నీళ్ళున్నా దానికి పారతాయి. కింద ఉన్న తొమ్మిది ఖండుగలు ఎండినా దశబంధందారు పంట పండుతూనే ఉంటుంది. రెండు మూడు తరాలు గడిచి, మాన్యం అన్నదమ్ముల మధ్య చీలికలై, ఒకరు అమ్ముకుని, ఒకరు ఊరు విడిచిపోయాక, పూడు తీయాల్సిన పూచీ ఎవరిదంటే పక్కవాడిదే. దశబంధం గురించి మురిసిపోతూ రాసే మన మిత్రులు ఈ మాట దాటేస్తారు. తాతల నాటి ఏర్పాటు కదా అని దాన్ని కళ్ళకద్దుకోవాల్సిన పని లేదు.

కళ్ళకద్దుకోకూడని సంగతి ఇంకొకటి ఉంది. దశబంధం డబ్బు పెట్టినవాడికి వచ్చింది. కట్ట మోసినవాడికి రాలేదు. చెరువులు తవ్విన వడ్డెర్లకు ఆ పూట కూలి. తూము తీసి, మూసి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే నీరుగంటికి కళ్ళంలో కట్టలు, అక్కడక్కడా కాస్త మాన్యం. కోలారు సీమలో నీరుగంటి పని చేసినవాళ్ళు ఎక్కువమంది దళితులు. అందరికీ నీళ్ళు పంచినవాడికి ఆ నీళ్ళు పారే మడి ఉండటం అరుదు. మెట్ట మీద రాగులు, అనుములు వేసుకునే వాళ్ళకు చెరువు అంటే పశువుల దాహం, బావిలో ఊట. అంతే.

డబ్బు పెట్టినవాళ్ళలో రాజులే ఉన్నారనుకుంటే పొరపాటు. ఊరి గౌడు, వర్తకుడు, పాళెగాడు, చివరికి గుడి. తిరుమల గుడికి భక్తులిచ్చిన రొక్కాన్ని గుడివాళ్ళు తమ ఊళ్ళలో చెరువులూ కాలువలూ తవ్వించడానికి ఖర్చు పెట్టేవాళ్ళు. పెరిగిన పంటలోంచి ఆ భక్తుడి పేర నైవేద్యం సాగేది. విజయనగర కాలపు గుడి ఆర్థిక వ్యవహారాలను తవ్వి చూసిన బర్టన్ స్టైన్ దీన్ని వివరంగా రాశాడు. స్వామికి పులిహోర, ఊరికి నీళ్ళు. పెట్టుబడి ఒకటే.

రాజులు కల్పించుకున్న చోట పని పెద్దది. గౌరిబిదనూరు తాలూకా కల్లోడిలో 1388 నాటి శాసనం ఉంది. హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుగొండ ఏలుతుండగా, ప్రాణులకు నీళ్ళే ప్రాణం గనక పెన్న నీళ్ళు పెనుగొండకు తెమ్మని నిండు కొలువులో సింగయభట్టుకు ఆజ్ఞ ఇచ్చాడని అందులో ఉంది. సింగయభట్టు నీళ్ళ శాస్త్రం తెలిసినవాడు. కాలువ తవ్వి శిరువెర చెరువుకు నీళ్ళు చేర్చాడు, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. ఇంజనీరు పేరు రాయి మీద ఉండటం మన దేశంలో అరుదు. ఇవాళైతే శిలాఫలకం మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, అధ్యక్షుడి పేరు ఉంటాయి. సింగయభట్టుకు చోటుండదు.

ఇంకాస్త కిందికి, కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన అనంతరాజసాగరం అది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు. ఆ రాతిలో చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు పట్టే ఆరు దోషాలు వరుసగా చెప్పారు. కట్టలోంచి నీరు కారడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. చెరువు నడుమ మిట్ట ఉండటం, తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు పెట్టుకోవడం, ఎక్కువ నీటికి తక్కువ భూమి ఉండటం కూడా దోషాలే. వీటితో పాటు ఒక దోషం చదివినప్పుడు పాతపాళ్య వాళ్ళు తప్ప ఇంకెవరూ అంత గట్టిగా తలాడించరు: రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండటం. 2003 ప్రాంతంలో బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కడుతుంటే కింద అనంతపురం జిల్లా ఎలా భగ్గుమందో ఇక్కడి పెద్దలకు ఇంకా గుర్తే. ఆరు వందల ఏళ్ళ కిందటివాళ్ళు దాన్ని ఇంజనీరింగు దోషాల జాబితాలోనే వేశారు.

ఇక లెక్క ఎలా తారుమారైందో చూద్దాం.

మద్రాసు వైపు, అంటే మన సరిహద్దుకు అవతల కదిరి, మదనపల్లె వైపు, 1858–59లో ఇనాం కమిషన్ పని మొదలుపెట్టింది. ఎవరెవరు పన్ను కట్టకుండా ఏ భూమి తింటున్నారో, ఎందుకు తింటున్నారో తేల్చడం దాని పని. దశబంధం ఆ కమిషన్‌కు చిక్కుముడి అయింది. గుడి మాన్యం కాదు, బ్రాహ్మణ అగ్రహారం కాదు, ఊరి నౌకరీ మాన్యం కూడా కాదు. చివరికి దాన్ని పనికి కట్టిన ఇనాంగా లెక్కించారు: చెరువును బాగా ఉంచినంత కాలం అనుభవించవచ్చు, ఉంచకపోతే సర్కారు వెనక్కి తీసుకుంటుంది. న్యాయంగానే ఉంది. కానీ వెనక్కి తీసుకున్న మడి మీద వేసిన శిస్తు జిల్లా ఖజానాకు పోతుంది. చెరువుకు ఎంత తిరిగొస్తుందన్నది అంచనాలు, మంజూరీలు, పీడబ్ల్యూడీ క్యూలో నిలబడటం మీద ఆధారపడింది. కట్ట కింద ఆగే డబ్బు కట్ట దాటి వెళ్ళడం అక్కడ మొదలైంది.

మైసూరు వైపు కూడా దారి అదే. 1863 నుంచి సర్వే సెటిల్‌మెంటు, 1866లో ఇనాం కమిషన్. ప్రతి సర్వే నంబరుకు రొక్కంలో ఇంత అని కందాయం. 1911లో మైసూరు ప్రభుత్వం చెరువు పంచాయితీల చట్టం చేసింది. అప్పటి చీఫ్ ఇంజనీరు మన చిక్కబళ్ళాపురం పక్క ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యే. రైతులు ఒక పంచాయితీగా ఏర్పడి తమ చెరువును తామే బాగుచేసుకోవచ్చని ఆ చట్టం అవకాశమిచ్చింది. పూచీ ఊరికి తిరిగొచ్చింది గానీ, శిస్తులో పాలు తిరిగి రాలేదు. పనీ ఇచ్చి పైసా ఇవ్వకపోతే ఏ పంచాయితీ అయినా ఎన్నాళ్ళు నడుస్తుంది?

స్వాతంత్ర్యం తర్వాత మిగిలినవి కూడా తెగాయి. 1954, 1955 చట్టాలు ఇనాంలను రద్దు చేశాయి. 1961 నాటి గ్రామ పదవుల రద్దు చట్టంతో శానుభోగు, పటేలు, తోటి, తలారి, నీరుగంటి వంశపారంపర్య పదవులు పోయాయి. ఈ రద్దులు జరగకూడదని నేను అనను. తాత నీరుగంటి గనక మనవడూ నీరుగంటే కావాలన్న రివాజు పోవాల్సిందే. కానీ నీరుగంటి పోయాక తూము తాళం ఎవరి చేతిలో ఉండాలో ఆ చట్టం చెప్పలేదు. ఆయకట్టు నలభై హెక్టార్లు దాటిన చెరువు చిన్ననీటి పారుదల శాఖది, అంతకంటే తక్కువైతే జిల్లా పంచాయితీది అని పంచుకున్నారు. కాగితం మీద చెరువుకు యజమాని దొరికాడు. తూముకు మాత్రం దొరకలేదు.

ఇక్కడ కాసేపు సముద్రం దాటుదాం, దానికి కారణం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2000 సంవత్సరంలో ఊరి రక్షణ చట్టం అనదగ్గ ఒకటి చేసింది. ఏ ఊరైనా ఓటు పెట్టుకుని, అందరి ఇంటి పన్ను మీద మూడు శాతం దాకా అదనంగా వేసుకోవచ్చు. ఆ డబ్బు ఊరు దాటదు. ఊళ్ళోనే ఒక కమిటీ దాన్ని మూడు పనులకు ఖర్చు పెడుతుంది: ఖాళీ భూములు, అడవులు, పొలాలు కాపాడటం, పాత కట్టడాలను, శ్మశానాలను, పత్రాలను నిలబెట్టడం, తక్కువ ఆదాయం వాళ్ళకు ఇళ్ళు. ఏటా వచ్చే డబ్బులో ఈ మూడింటికీ ఒక్కోదానికి కనీసం పదో వంతు తప్పనిసరి. అవును, పదో వంతే. మిగతాది ఊరి ఇష్టం. పైగా ఊరు పన్ను వేసుకుంటే రాష్ట్రం కూడా ఒక నిధిలోంచి కొంత కలుపుతుంది. ఆ నిధి ఎక్కణ్ణుంచి వస్తుందంటే, భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో వసూలు చేసే రుసుము మీద అదనపు రుసుము నుంచి. రాష్ట్రంలోని 351 ఊళ్ళలో దాదాపు రెండు వందలు దీన్ని ఒప్పుకున్నాయి. బోస్టన్ నగరం 2016 నవంబరులో ఓటు వేసి ఒక శాతం పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళు చాలామంది దీన్ని ట్యాక్సు బిల్లులో ఒక వరుసగా కడుతూనే ఉన్నారు. ఎవరి ఊరి పాత సమాధుల గోడకో తమ డబ్బు పోతోందని కొందరు గొణుగుతారు. గొణిగే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది: అయిదేళ్ళు గడిచాక ఊరు మళ్ళీ ఓటు వేసి తీసేసుకోవచ్చు. మన రాళ్ళ మీద సూర్యచంద్రులు ఉన్నంత కాలం అని చెక్కారు, వాళ్ళు అయిదేళ్ళని రాసుకున్నారు. రెండింటిలో ఏది ఎక్కువ నిలుస్తుందో నేను పందెం కాయను.

మనకు ఇంటి పన్ను మీద అదనపు పన్ను లేదా? ఎందుకు లేదు. బాగేపల్లి వైపు ఏ గ్రామ పంచాయితీలోనైనా ఇంటి కందాయం రసీదు తీసి చూడండి. కన్నడంలో ఉంటుంది, మనవాళ్ళు కట్టేసి మడిచి జేబులో పెట్టుకుంటారు గానీ చదవరు. అసలు పన్ను వంద రూపాయలైతే దాని కింద ఇంకో నాలుగు వరుసలు: ఆరోగ్య సెస్సు పదిహేను, విద్యా సెస్సు పది, గ్రంథాలయ సెస్సు ఆరు, భిక్షుక సెస్సు మూడు. మొత్తం వందకు ముప్పై నాలుగు పైన. మసాచుసెట్స్ మూడు శాతానికే ఊరూరా ఓట్లు పెట్టింది. మనం ముప్పై నాలుగు శాతం ఎవరినీ అడగకుండానే కడుతున్నాం.

అందులో భిక్షుక సెస్సు 1975 చట్టం నాటిది. బెంగళూరులో కేంద్ర పరిహార సమితికి పోతుంది, అక్కడ మాగడి రోడ్డులో ఆశ్రమం ఉంది. గ్రంథాలయ సెస్సుకు మూలం 1965 నాటి కర్ణాటక గ్రంథాలయ చట్టం. ఆంధ్రలో 1960 చట్టం కింద రూపాయికి ఎనిమిది పైసలు. దీనికి ముందు తరం మన ఉమ్మడి మద్రాసుదే: 1948లో స్వతంత్ర భారతదేశంలో మొదటి గ్రంథాలయ చట్టం అక్కడే వచ్చింది, వెనక ఉన్నవాడు ఎస్.ఆర్. రంగనాథన్. ఆస్తి పన్ను మీద చిన్న సెస్సు వేసి, ఆ డబ్బు పుస్తకాలకే ఖర్చు పెట్టాలన్న ఆలోచన ఆయనది. ఆలోచన గొప్పదే. వసూలు చేసిన సంస్థలు ఆ డబ్బును గ్రంథాలయ శాఖకు కట్టకుండా ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకోవడం దానికి పట్టిన చీడ. 2019లో కర్ణాటక తన గ్రామ గ్రంథాలయాలను, అయిదు వేల ఆరు వందలకు పైగా, శాఖ నుంచి తీసి గ్రామీణాభివృద్ధి, పంచాయితీరాజ్ శాఖకు అప్పగించింది. ఆ తర్వాత అవి అరివు కేంద్రలై, చాలాచోట్ల రంగులేసుకుని, పిల్లలతో నిండాయి. డబ్బు, పూచీ, తలుపు తాళం ఈ మూడూ ఒకే ఊళ్ళోకి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడ కళ్ళ ముందే ఉంది.

ఆ రసీదులో చెరువు వరుస లేదు.

అయితే చెరువు సెస్సని ఇంకో మూడు శాతం వేస్తే సరిపోతుందా? ఇక్కడే నా ఉత్సాహానికి బ్రేకు పడుతుంది. ఒక పంచాయితీ ఏడాదికి పది లక్షల ఇంటి పన్ను వసూలు చేస్తుందనుకుందాం. మూడు శాతం అంటే ముప్పై వేలు. జేసీబీ గంటకు వెయ్యికి పైనే అడుగుతారు. ముప్పై గంటలు కూడా రాదు. ఒక చెరువు పూడు కాదు గదా, మరవ కాలువలో పెరిగిన సీమజాలి కూడా పూర్తిగా పీకలేం. దశబంధం పని చేసింది పదో వంతు అన్న అంకె మహిమ వల్ల కాదు. ఆ పదో వంతు దేన్లోంచి కోశారో చూడాలి: ఊరి సంపదంతా పండే మడిలోంచి. ఇవాళ ఆ మడికి కట్టే భూమి కందాయం ఒక కాఫీ ఖర్చుకు రాదు. పల్లె ఇళ్ళ మీద పన్ను కూడా అంతంతే. సంపద అక్కడ లేదు, చోటు మారింది.

నీళ్ళూ చోటు మారాయి. చెరువు ఎండితే ఊరు చూడాల్సిన రోజులు పోయి, ఎవరి బోరు వాళ్ళది అయింది. వెయ్యి అడుగులు, వెయ్యిన్నర అడుగులు. ఆ లోతు నీళ్ళతో పాటు ఫ్లోరైడు కూడా పైకొచ్చింది. బాగేపల్లి తాలూకా పళ్ళ మీద గారలు, వంగని మోకాళ్ళు దానికి సాక్ష్యం. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో జల సంవర్ధన యోజన వచ్చి, ఊరూరా కెరె బళకెదారర సంఘాలు (చెరువు వాడుకదారుల సంఘాలు) పెట్టించి, చెరువు బాగుకు రైతులూ వంతు వేయాలని షరతు పెట్టింది. మరమ్మతులు జరిగాయి. ప్రాజెక్టు లెక్కలు మూసేశాక ఏటా కావలసిన ఖర్చుకు మాత్రం స్థిరమైన రాబడి లేదు. చేపల గుత్త వచ్చిన ఏడు కాస్త, రాని ఏడు లేదు. శాశ్వత నీరావరి (సాగునీరు) కావాలని 2016 మార్చిలో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల రైతులు ట్రాక్టర్లెక్కి బెంగళూరు దారి పట్టారు. తర్వాత హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చిక్కబళ్ళాపురం వైపు 65 చెరువులకు పంపే ఏర్పాటు జరిగింది. చెరువులో నీళ్ళు కనబడుతున్నాయని కొందరు సంతోషించారు, ఆ నీళ్ళను ఇంకో దఫా శుద్ధి చేయాలని కొందరు కోర్టుల దాకా పోయారు. నీళ్ళొచ్చినా రాకపోయినా కట్ట కట్టే. ఏడాదికోసారి మనిషి ఎక్కి చూడాల్సిందే.

మరి సంపద ఎక్కడికి పోయింది? జాతీయ రహదారి పక్క లేఅవుట్లలోకి. బెంగళూరు–హైదరాబాదు రోడ్డు బాగేపల్లి నడిమధ్యగా పోతుంది. అటూ ఇటూ మెట్టలు సైట్లయ్యాయి. ఎకరం ధర గుంట ధర అయింది. అంటే నేటి పండే మడి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉంది. కర్ణాటకలో భూమి అమ్మకం మీద స్టాంపు డ్యూటీ కట్టేటప్పుడు ఆ డ్యూటీ మీద ఇంకో రెండు వరుసలు పడతాయి. పల్లె ప్రాంతమైతే మూడు శాతం సర్‌ఛార్జి. దాని పైన పది శాతం సెస్సు. మసాచుసెట్స్ వాళ్ళు ఇంటి పన్ను మీద వేసుకున్న మూడు, మన రాళ్ళ మీద చెక్కిన పదోవంతు, రెండూ మన దగ్గర ఒకే రసీదులో ఉన్నాయి. ఆ పది శాతం సెస్సును ఏ ఏ నిధులకు పంచాలో స్టాంపు చట్టం పేర్లతో సహా చెబుతుంది. మౌలిక సదుపాయాలు ఉన్నాయి, పల్లె రోడ్లు ఉన్నాయి, బెంగళూరు మెట్రో కూడా ఉంది. పాతపాళ్యలో చెరువు కింది మడి అమ్మినా అందులోంచి మెట్రోకు వంతు పోతుంది. ఆ చెరువుకు పోదు.

వచ్చే వారం: పన్ను కాదు, ఒళ్ళు. కట్ట తెగే ప్రమాదంలో ఊరివాళ్ళు పనికి రావాల్సిందేనని మద్రాసు సీమ కోసం చేసిన 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం, దాని చుట్టూ సాగిన కుడిమరామత్తు (ఊరివాళ్ళే చేసే చెరువు మరమ్మతు) గొడవలు.